ఎరుపుకు ఏ బూడిద రంగు?

ఎర్రటి ఇటుకను, దాని పక్కనే లేత పసుపు రాయిని పెట్టి నలుపు తెలుపు ఫొటో తీస్తే ఏది ముదురుగా వస్తుంది? ఎవరైనా ఇటుకే అంటారు. నిజమే, కానీ ఎంత ముదురుగా? పూర్తి నలుపుగానా, నడిమి బూడిదగానా, లేక రాయికీ దానికీ తేడా బాగా తగ్గిపోయేంత లేతగానా? మూడూ జరుగుతాయి. ఇటుక మారదు, రాయి మారదు, మీద పడే ఎండా మారదు. మారేదల్లా ప్లేటు మీద పూసిన రసాయనం, లేదా లెన్సు ముందు పెట్టిన రంగు గాజు.

మామూలు గోడ విషయంలో ఈ ప్రశ్నకు పెద్ద ప్రాముఖ్యం లేదు. కానీ ప్రపంచంలో ఒక కట్టడం ఉంది. దాని రూపమంతా ఈ ఎరుపు, లేత పసుపుల వంతులవారీ వరుస మీదే నిలబడి ఉంది. అది స్పెయిన్ దక్షిణాన, గ్వాదల్‌క్వివిర్ నది ఒడ్డున ఉన్న కోర్దోబా పెద్ద మసీదు.

ఉమయ్యద్ వంశానికి చెందిన మొదటి అబ్దుర్ రహ్మాన్ 780లలో దీన్ని మొదలుపెట్టాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లలో మూడుసార్లు పెంచారు. చివరి విస్తరణ 987 ప్రాంతంలో అల్ మన్సూర్ అనే మంత్రి హయాంలో జరిగింది. 1236లో నగరం క్రైస్తవ రాజుల చేతికి వచ్చాక మసీదు చర్చి అయింది. 16వ శతాబ్దంలో దాని నడిబొడ్డున ఒక కథీడ్రల్‌నే లేపారు. అయినా లోపల ఇప్పటికీ 850కి పైగా స్తంభాలు నిలిచే ఉన్నాయి. మొదటి దశలో వాడిన స్తంభాల్లో చాలావరకు పాత రోమన్, విసిగోత్ కట్టడాల నుంచి తెచ్చినవి. పాలరాయి, గ్రానైట్, జాస్పర్, ఇలా రకరకాల రాళ్లు, రకరకాల ఎత్తులు. దొరికిన స్తంభాలు పొట్టివి. కట్టాలనుకున్న పైకప్పు ఎత్తైనది. ఆ చిక్కును విప్పడానికి శిల్పులు ఒక కమాను మీద ఇంకో కమానును నిలబెట్టారు. కిందిది గుర్రపు లాడం ఆకారం, పైది అర్ధవృత్తం. ప్రతి కమానులోనూ ఒక పట్టీ ఇటుక, ఒక పట్టీ రాయి, మళ్లీ ఇటుక, మళ్లీ రాయి. ఇటుక పట్టీ అంటే ఒకే ముక్క కాదు. పలుచటి ఇటుకలు కొన్నిటిని సున్నంతో అతికించి పేర్చినది. ఈ మాట గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

ఈ మసీదును చూసినవాళ్లెవరైనా ముందు చెప్పేది ఆ రంగుల పట్టీల గురించే. మరి రంగే లేని ఫొటోలో ఏం మిగులుతుంది? నలుపు తెలుపు ఫొటో రంగును తీసేస్తుందని మనం అలవాటుగా అనుకుంటాం. నా ఉద్దేశంలో ఆ ఆలోచనే సరికాదు. అది ప్రతి రంగుకూ ఒక వెలుగు స్థాయిని కేటాయిస్తుంది. ఏ రంగుకు ఎంత వెలుగు అన్నది ప్రకృతి నిర్ణయించదు. ప్లేటు తయారుచేసినవాడు, ఫొటో తీసినవాడు నిర్ణయిస్తారు.

ఇదంతా వెండి దగ్గర మొదలవుతుంది. ఫిల్ము మీద జెలటిన్‌లో కలిపి పూసే వెండి బ్రోమైడు స్ఫటికాలు కంటికి కనిపించనంత చిన్నవి. ఒక స్ఫటికం మీద కాంతి కణం, అంటే ఫోటాను, పడితే లోపల ఒక ఎలక్ట్రాను విడివడాలి. అందుకు సుమారు 2.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. నీలి కాంతిలోని ఫోటానుకు ఆ శక్తి ఉంది: 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర దాని శక్తి 2.75 వోల్టులకు పైనే. ఎరుపు ఫోటానుకు, 650 నానోమీటర్ల దగ్గర, 1.9 మాత్రమే. అలాంటి ఎరుపు ఫోటాన్లు కోటి వచ్చి పడ్డా స్ఫటికంలో చలనం ఉండదు. శక్తిని కొంచెం కొంచెంగా కూడబెట్టుకునే వీలు దానికి లేదు. ఒక్కో ఫోటాను ఒంటరిగానే ఆ పని చేయగలగాలి. ఐన్‌స్టీన్ 1905లో కాంతి విద్యుత్ ఫలితానికి ఇచ్చిన వివరణలోని తర్కమే ఇది. డార్క్ రూములో ఎర్ర బల్బు వెలుగులో ప్రింట్లు కడుక్కోగలిగేది కూడా ఇందువల్లే.

విడివడిన ఎలక్ట్రాను స్ఫటికంలోని ఏదో ఒక లోపం దగ్గర చిక్కుకుంటుంది. అటుగా వచ్చిన వెండి అయాను దానితో కలిసి వెండి పరమాణువు అవుతుంది. ఒంటరి పరమాణువు ఎక్కువసేపు నిలవదు, కాసేపటికి మళ్లీ అయానుగా విడిపోతుంది. ఈలోపు రెండో ఎలక్ట్రాను వచ్చి చేరితే జంట నిలుస్తుంది. నాలుగు పరమాణువులు ఒకచోట చేరితే ఆ స్ఫటికం సిద్ధమైనట్టే. వందల కోట్ల వెండి అయాన్లున్న స్ఫటికంలో నాలుగంటే నాలుగు పరమాణువులు! కంటికి ఏమీ కనబడదు, ఏ మార్పూ జరగనట్టే ఉంటుంది. డెవలపర్‌లో ముంచినప్పుడు మాత్రం ఆ నలుగురున్న స్ఫటికం మొత్తం వెండిగా మారి నల్లబడుతుంది. వాళ్లు లేని స్ఫటికం అలాగే ఉండిపోతుంది. గిన్నెడు పాలలో వేసిన తోడు చుక్క ఎంతో, ఈ నాలుగు పరమాణువులూ అంతే. తర్వాత మిగిలిపోయిన వెండి లవణాన్ని హైపోలో కరిగించి తీసేస్తారు. హైపోకు ఆ గుణం ఉందని జాన్ హెర్షెల్ 1819లోనే, ఫొటోగ్రఫీ పుట్టకముందే, కనిపెట్టి ఉంచాడు.

ఇప్పుడు ఇటుక దగ్గరకు వద్దాం. ఇటుక ఎర్రగా ఉండడానికి కారణం మట్టిలోని ఇనుము. బట్టీలో కాలినప్పుడు అది ఐరన్ ఆక్సైడుగా, హెమటైటుగా మారుతుంది. హెమటైటు నీలాన్నీ ఆకుపచ్చనూ చాలావరకు మింగేసి, ఎరుపును వెనక్కి పంపుతుంది. అంటే వెండి బ్రోమైడుకు కావలసిన నీలి కాంతిని ఇటుక దగ్గరే ఉంచేసుకుంటుంది. పంపేదేమో ప్లేటుకు పట్టని ఎరుపు. పక్కనున్న సున్నపురాయి నీలాన్ని కూడా బాగానే తిప్పి పంపుతుంది. కాబట్టి 19వ శతాబ్దపు ప్లేటు మీద కోర్దోబా కమానులు గట్టి నలుపు, గట్టి తెలుపు పట్టీలుగా వస్తాయి. మాడ్రిడ్‌లో స్టూడియో నడిపిన ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు జాన్ లోరాన్ స్పెయిన్ కట్టడాలన్నీ తిరిగి తీసిన పెద్ద సేకరణలో కోర్దోబా కూడా ఉంది. ఆ తరం చిత్రాలు చూస్తూ పెరిగిన యూరపు పాఠకుడు తన ఊహలో కట్టుకున్న మసీదు, నిజమైన మసీదు కంటే ఎంతో కఠినమైన చారల మసీదు.

మిహ్రాబ్ దగ్గర ఇంకా వింత జరుగుతుంది. మక్కా దిక్కును సూచించే ఆ గూడును రెండో అల్ హకమ్ 960లలో కట్టించాడు. దాని చుట్టూ మొజాయిక్ పని చేయడానికి బైజాంటియం చక్రవర్తి నిపుణుడినీ, గాజు ముక్కల్నీ పంపాడు. నీలి నేల మీద బంగారు కూఫీ అక్షరాలు: మన కంటికి నేల ముదురు, అక్షరం మెరుపు. ప్లేటుకు నీలం అంటే వెలుగు. బంగారం నీలి కాంతిని మింగుతుంది కాబట్టి బంగారం అంటే చీకటి. ఆ లెక్కన అక్షరం ముదురై, నేల తేలికై, రాత తిరగబడే ప్రమాదం ఉంది. బంగారు గాజుముక్క అద్దంలా తళుక్కుమనే కోణంలో కెమెరా ఉంటే ఆ మెరుపు ఈ నష్టాన్ని కప్పేస్తుంది; లేకపోతే లేదు. అందుకే పాత చిత్రాల్లో ఒకే శాసనంలోని కొన్ని అక్షరాలు వెలిగి, మరికొన్ని ఆరిపోయినట్టు ఉంటే ముక్కలు రాలిపోయాయని తొందరపడి తీర్మానించకూడదు. ప్లేటుకు ఏ రంగు కనబడుతుందో ముందు అడగాలి. పాత ఫొటోల ఆధారంగా కట్టడాల చరిత్ర రాసేవాళ్లలో ఈ జాగ్రత్త లేకపోతే నాకు బాధగా ఉంటుంది.

ప్లేటుకు ఆకుపచ్చను చూపించినవాడు బెర్లిన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ విల్‌హెల్మ్ ఫోగెల్. 1873లో ఇంగ్లండ్‌లో తయారైన కొన్ని ప్లేట్లను పరీక్షిస్తుంటే అవి నీలం కంటే ఆకుపచ్చకు ఎక్కువగా స్పందించడం చూశాడు. ఆరా తీస్తే, వాటిలో ఒక పసుపు రంగు కలిపి ఉంది. ప్లేటు వెనక నుంచి తిరిగొచ్చే కాంతిని ఆపడానికి కలిపారు దాన్ని. ఆ రంగు ఆకుపచ్చ కాంతిని పీల్చుకుని, ఆ శక్తిని పక్కనే ఉన్న వెండి స్ఫటికానికి అందిస్తోందని ఫోగెల్ గ్రహించాడు. వెండికి స్వయంగా లేని చూపును అద్దకపు రంగుతో తెప్పించవచ్చన్నమాట. సరైన రంగును ఎంచుకుంటే పసుపు, నారింజ, చివరికి ఎరుపు కూడా. 1880లలో ఆకుపచ్చ, పసుపుల దాకా చూడగలిగే ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు బజారుకొచ్చాయి. 1906లో లండన్ దగ్గరి రాటెన్ అండ్ వెయిన్‌రైట్ కంపెనీ ఎరుపుతో సహా అన్ని రంగుల్నీ చూసే పాంక్రొమాటిక్ ప్లేట్లు అమ్మింది. ఆ రోజుతో ఎర్ర బల్బు వెలుగులో ప్లేటు కడుక్కునే సౌకర్యం పోయింది. పూర్తి చీకట్లో, చేతి స్పర్శతో పనిచేయాల్సి వచ్చింది. ఎరుపును చూడగలిగినందుకు చెల్లించిన మూల్యం అది.

ఊహకు అందేలా ఒక చిన్న లెక్క వేద్దాం. ఇవి కోర్దోబాలో కొలిచిన అంకెలు కావు, ఉదాహరణకు తీసుకున్నవి. డిజిటల్ ఫొటోలో ఒక ఇటుకకు ఎరుపు 170, ఆకుపచ్చ 90, నీలం 70 వచ్చాయనుకోండి. పక్క రాయికి వరుసగా 215, 195, 160. పాత నీలి ప్లేటులా నీలాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఇటుక 70, రాయి 160. ఇటుక వెలుగు రాయిలో సగం కూడా లేదు. ఎర్ర ఫిల్టర్ పెట్టినట్టు ఎరుపును మాత్రమే తీసుకుంటే 170, 215. ఇటుక వెలుగు రాయిలో ఐదింట నాలుగు వంతుల దగ్గరకు వచ్చేసింది. ఇక మానవ నేత్రానికి దగ్గరగా ఉండాలని టీవీ ఇంజినీర్లు చాలాకాలం వాడిన సూత్రం ఒకటుంది: ఎరుపులో 30 శాతం, ఆకుపచ్చలో 59 శాతం, నీలంలో 11 శాతం కలపాలి. దాని ప్రకారం ఇటుక 112, రాయి 197. ఒకే కమానుకు మూడు రూపాలు, మూడూ ఆ కమాను పంపిన కాంతిలోంచి వచ్చినవే. వీటిలో ఏది నిజం అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకు అర్థం ఉందని కూడా నాకు అనిపించదు.

ఫిల్ముతో పనిచేసేవాళ్లు ఈ ఎంపికను లెన్సు ముందే చేసుకోవాలి. ముదురు ఎర్ర ఫిల్టర్ పెడితే మూడు స్టాపుల కాంతి పోతుంది, అంటే ఎక్స్‌పోజర్ ఎనిమిది రెట్లు పెంచాలి. పసుపు ఫిల్టర్‌కు రెండు రెట్లు చాలు. చీకటి మసీదులో ఎనిమిది రెట్లంటే మాటలు కాదు. డిజిటల్‌లో రంగు ఫొటో తీసి ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో ఫిల్టర్ ఎంచుకోవచ్చు. సెన్సర్ మీద పరిచిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు మూడు లెక్కల్నీ విడివిడిగా దాచి ఉంచుతాయి. ఆ గళ్ల అమరికకు 1976లో పేటెంట్ పొందిన కోడాక్ ఇంజినీరు బ్రైస్ బేయర్ పేరే స్థిరపడింది.

కంటి సంగతి మాత్రం ఇక్కడ వదిలేయలేం. మన కంట్లో రెండు రకాల గ్రాహకాలున్నాయి. పగటి వెలుగులో పనిచేసే శంకుకణాలు 555 నానోమీటర్ల దగ్గర, పసుపు కలిసిన ఆకుపచ్చకు, అన్నిటికంటే ఎక్కువగా స్పందిస్తాయి. మసక చీకట్లో పనిచేసే దండకణాల శిఖరం 500 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, 640 దాటిన ఎరుపు వాటికి దాదాపు కనబడదు. అందుకే సంధ్యవేళ మందార పువ్వు నల్లబడి, దాని ఆకులే తేలికగా కనిపిస్తాయి. చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యె 19వ శతాబ్దం తొలి పాదంలో ఈ మార్పును గమనించి రాశాడు. ఆయన పేరుతోనే దాన్ని పుర్కిన్యె ప్రభావం అంటున్నాం. దీన్నిబట్టి చూస్తే, నీలి చూపున్న ప్లేటు మీద నల్లటి చారలుగా వచ్చిన కోర్దోబా తప్పు బొమ్మేమీ కాదు. అది మునిమాపు చూపుకు దగ్గర. పాంక్రొమాటిక్ ఫిల్ము బొమ్మ పగటి చూపుకు దగ్గర. నూనె దీపాల వెలుగులో కథ మళ్లీ మారుతుంది: దీపపు మంటలో నీలం చాలా తక్కువ, ఎరుపు బోలెడు. ఆ వెలుగులో ఇటుక పట్టీలు మనిషి కంటికి వేడెక్కినట్టు కనిపిస్తాయి. పాత ప్లేటుకేమో దాదాపు ఏదీ కనిపించదు. వందల దీపాలతో రాత్రి నమాజుకు వెలిగిన ఈ మసీదు ఎలా ఉండేదో ఏ తొలితరం కెమెరా కూడా చూపించలేకపోయేది. కెమెరా పుట్టేనాటికి ఆ దీపాలు కూడా లేవు.

అసలు లోపల అంత చీకటి ఎందుకు? కట్టినప్పుడు అంత లేదు. ప్రార్థనామందిరం ఉత్తరం వైపు మొగసాల మీదికి, నారింజ చెట్ల ముంగిట్లోకి, కమానులన్నీ బార్లా తెరిచి ఉండేవి. స్తంభాల వరుసల మధ్య నుంచి వెలుగు నేరుగా లోపలికి సాగేది. చర్చి అయ్యాక ఆ తెరువుల్లో చాలావాటిని మూసి, అంచుల వెంబడి చిన్న చిన్న పూజామందిరాలు కట్టారు. ఇప్పుడు మనం మెచ్చుకునే ఆ నిగూఢమైన మసక, ఛాయాచిత్రకారులు ప్రాణం పెట్టే ఆ మసక, మసీదు స్వభావం కాదు. తర్వాతి చరిత్ర వేసిన నీడ. ఈ సంగతి చెప్పకుండా ఆ చీకటిని ఇస్లామిక్ వాస్తుకళ ఆత్మగా వర్ణించే వ్యాఖ్యలు చదివినప్పుడు నాకు అన్యాయం అనిపిస్తుంది.

చీకటి వల్ల వచ్చే మొదటి చిక్కు ఎక్కువసేపు ఎక్స్‌పోజ్ చేయాల్సి రావడం. మామూలుగా కాంతి సగమైతే సమయాన్ని రెట్టింపు చేస్తే సరిపోతుంది. చాలా తక్కువ కాంతిలో ఈ లెక్క తప్పుతుంది. కారణం మనకు ముందే తెలుసు: ఒంటరి వెండి పరమాణువు నిలవదు. ఫోటాన్లు వడివడిగా వస్తే దానికి తోడు దొరుకుతుంది. ఒక్కొక్కటిగా, ఆగి ఆగి వస్తే, రెండోది వచ్చేలోపు మొదటిది కరిగిపోతుంది. చేసిన పని వృథా. ఇల్‌ఫర్డ్ వాళ్ల ఎచ్‌పీ5 ఫిల్ముకు కంపెనీ ఇచ్చే సూత్రం ప్రకారం మీటరు 10 సెకన్లు చూపిస్తే దాదాపు 20 సెకన్లు ఇవ్వాలి. మీటరు ఒక నిమిషం చూపిస్తే మూడున్నర నిమిషాలు. ఈ లోపాన్ని 1900 ప్రాంతంలో నక్షత్రాల ఫొటోలతో కొలిచి సూత్రం కట్టినవాడు కార్ల్ ష్వార్జ్‌షీల్డ్. తర్వాత ఐన్‌స్టీన్ సమీకరణాలను సాధించి, కృష్ణబిలాల చర్చలో రోజూ వినిపించే వ్యాసార్థానికి పేరిచ్చింది కూడా ఆయనే. మసీదు మూలనున్న చీకటి కమానుకూ మసక నక్షత్రానికీ ఒకే గణితం. డిజిటల్ సెన్సర్‌కు ఈ జబ్బు లేదు. దాని బాధలు వేరు, చీకట్లో అది సొంత విద్యుత్ సందడిని బొమ్మలో కలిపేస్తుంది.

నిమిషాల తరబడి తెరిచి ఉంచిన కెమెరా ముందు నడిచిపోయే మనిషి మిగలడు. 1838లో డగేర్ పారిస్ వీధిని తీస్తే అంత రద్దీలోనూ బొమ్మలో స్పష్టంగా మిగిలింది బూటు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒక్క మనిషి. పాత మసీదుల చిత్రాలూ అంతే. కైరో, జెరూసలేం, డమాస్కస్ కట్టడాలను 1842 నుంచి మూడేళ్లపాటు తిరిగి 800కు పైగా డగేరియోటైపులు తీసిన జిరో ద ప్రాంజే పలకల్లో ఊళ్లన్నీ ఖాళీగా కనిపిస్తాయి. (కెమెరా పట్టకముందు ఆయన కోర్దోబా, గ్రెనడాలకు వెళ్లి అక్కడి కట్టడాల బొమ్మలు గీసి ప్రచురించాడు.) ఈ ఖాళీని చూసి పాడుబడిన తూర్పు అని కథలు అల్లినవాళ్లు చాలామంది. ఆ ఖాళీకి కారణం వెండి లవణపు నిదానం. నమాజుకు వచ్చిన జనం, సాంబ్రాణి వేసినవాడు, నేల ఊడ్చినవాడు అందరూ అక్కడే ఉన్నారు. ప్లేటు ఓపికగా వాళ్లందర్నీ చెరిపేసింది.

రెండో చిక్కు వెలుగు నీడల మధ్య దూరం. బయట ముంగిట్లో మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, లోపలి మూలల్లో పదుల లక్స్. మధ్య తేడా వేల రెట్లు. ఇంత తేడాను ఒకే బొమ్మలో ఇమడ్చాలంటే నెగటివ్ సాయం కావాలి. నెగటివ్ గొప్పతనం ఏమిటంటే, వెలుగు పెరిగేకొద్దీ నలుపు అదే నిష్పత్తిలో పెరగదు. మెల్లగా, లాగరిథం పద్ధతిలో పెరుగుతుంది. హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు రసాయనికులు 1890లో దీన్ని గీత గీసి చూపించారు. అప్పటిదాకా అనుభవంతో, అదృష్టంతో సాగిన వృత్తికి కొలత వచ్చింది. నీడకు సరిపడా ఎక్స్‌పోజర్ ఇవ్వు, వెలుగును డెవలపర్‌లో సమయం తగ్గించి అదుపు చేయి అని పాత ఉస్తాదులు నేర్పిన పాఠం వెనక ఉన్నది ఆ గీతే. కిటికీల చుట్టూ పాత ఫొటోల్లో కనిపించే పాలవంటి వలయం కూడా ఈ తేడా వల్లే. మితిమీరిన వెలుగు పూతను దాటి గాజు వెనక తలాన్ని తాకి తిరిగొచ్చి పక్కనున్న స్ఫటికాలను ముట్టుకుంటుంది. దాన్ని ఆపే ప్రయత్నమే ఫోగెల్‌కు ఆ పసుపు రంగు రూపంలో ఎదురైంది.

తెలుగునేలకు ఈ కథతో సంబంధం ఉంది, అదీ నేరుగా. హైదరాబాదు బేగంపేటలో స్పానిష్ మసీదు అని పిలిచే మసీదుంది. పైగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా స్పెయిన్‌లో కోర్దోబా మసీదును చూసి ముగ్ధుడై దీన్ని తలపెట్టాడు. ఆయన పోయాక 1906లో పూర్తయింది. లాడపు కమానులు అక్కడి నుంచి వచ్చినవే. అదే కాలంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా రాజా దీన్ దయాళ్ సికింద్రాబాదు స్టూడియో నుంచి పెద్ద గాజు ప్లేట్ల మీద నగరాన్ని నమోదు చేశాడు. ఆయన నెగటివులు రెండు వేలకు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ కాలపు ప్లేట్లతో మక్కా మసీదును తీయడం కోర్దోబాను తీయడం కంటే ఒక విషయంలో తేలిక. మక్కా మసీదుది మన దక్కను గ్రానైటు. కాస్త గులాబీ జీర ఉన్నా దాదాపు బూడిద రంగే. నీలాన్నీ ఎరుపునూ ఇంచుమించు సమంగా తిప్పి పంపుతుంది. ఏ ప్లేటుకైనా అది ఒకేలా కనబడుతుంది, మారేది వెనకున్న ఆకాశం ఒక్కటే. నీలి ప్లేటు మీద ఆకాశం తెల్లబోతుంది, ఎర్ర ఫిల్టర్ పెడితే కారుమబ్బు రంగుకు దిగుతుంది. అందుకే గ్రానైటు కట్టడాల పాత ఫొటోలను రాతి రంగు విషయంలో ఎక్కువ నమ్మవచ్చు. ఎర్రరాయి, రంగుల గచ్చుపని ఉన్న కట్టడాల పాత ఫొటోలను అంతగా నమ్మకూడదు.

కోర్దోబా పేరు చెబితే ఉర్దూ పాఠకులకు 1933 నాటి ఒక నలుపు తెలుపు ఫొటో గుర్తుకొస్తుంది: ఆ స్తంభాల మధ్య జానమాజ్ పరిచి ప్రార్థనలో ఉన్న మహమ్మద్ ఇక్బాల్. ఏడు వందల ఏళ్లుగా చర్చిగా ఉన్న చోట ఒక భారతీయ కవి నమాజు చేయడం ఆ ఫొటోను చరిత్ర చేసింది. మసీద్-ఎ-ఖుర్తుబా అన్న ఆయన కవిత కూడా ఆ యాత్ర నుంచి వచ్చిందే. దాని విషయం ఎంత పెద్దదైనా, ఫొటోగా అది సాధ్యమైంది మాత్రం అప్పటికి ఫిల్ము వేగం పెరగడం వల్ల, ఆయన కదలకుండా ఉండడం వల్ల. యాభై ఏళ్ల ముందైతే ఆయన స్థానంలో ఒక మసక మచ్చ మిగిలేది.

చివరగా అల్ మన్సూర్ కట్టించిన తూర్పు భాగం. అక్కడి కమానులు కూడా ఎరుపు, లేత పసుపు పట్టీలతోనే ఉంటాయి. ముందు భాగాల నుంచి నడుచుకుంటూ వచ్చేవాళ్లకు తేడా తెలియదు. కానీ ఇక్కడ ఎర్ర పట్టీల్లో ఇటుక లేదు. కమాను మొత్తం రాయే, వంతు తప్పించి వంతు ఎర్ర రంగు పూశారు. పెద్ద భాగాన్ని త్వరగా ముగించాల్సి రావడం అందుకు కారణమని చరిత్రకారుల భావన. ఎర్ర పూతకు వాడే కావి మట్టిలో కూడా ఉన్నది ఆ ఐరన్ ఆక్సైడే. కాబట్టి రంగు ఫొటోలో రెండూ ఒకేలా ఎర్రగా ఉంటాయి, పసిగట్టడం కష్టం. ఇక్కడ నలుపు తెలుపు పనికొస్తుంది. గార పూయని ఒక పాత కమానునూ, అల్ మన్సూర్ కాలపు కమానునూ ఎంచుకుని, ట్రైపాడ్ కదపకుండా ఒక్కొక్క దాన్ని నీలి ఫిల్టర్‌తో ఒకసారి, ఎర్ర ఫిల్టర్‌తో ఒకసారి తీయండి. నీలి నెగటివ్ నుంచి వేసిన ప్రింటులో ఇటుక బాగా నల్లబడుతుంది, ఇటుకల మధ్య సున్నపు అతుకు తెల్లగా మిగులుతుంది. కాబట్టి పాత కమాను నల్ల పట్టీలో సన్నటి లేత గీతలు తేలాలి. పూత పట్టీలో అతుకులే లేవు, గీతలూ ఉండవు. ఎర్ర ఫిల్టర్ ప్రింటులో పలచటి కావి పూత గుండా ఎరుపు కాంతి కొంతవరకు లోపలికి వెళ్లి, కింది రాతిని తాకి తిరిగొస్తుంది. పూత తేలికై అడుగున ఉన్న రాతి చెక్కడపు గాట్లు పైకి రావాలి. ప్రాచీన కుడ్యాలను, రాతప్రతులను ఒక్కో తరంగదైర్ఘ్యంలో విడివిడిగా ఫొటో తీసి పోల్చే సంరక్షణ నిపుణుల పద్ధతి మూలసూత్రం కూడా ఇదే. వాళ్ల దగ్గర ఎరుపును దాటిన పరారుణ కాంతిని చూడగల కెమెరాలు కూడా ఉంటాయి. ఆ కాంతి పూత కింద ఇంకా లోతుకు చేరి, చిత్రకారుడు ముందుగా గీసుకున్న బొగ్గు గీతలను సైతం బయటకు తెస్తుంది.